పద్నాలుగు, పదహారు

మా మనవడికి పన్నెండేళ్లు. వేసవి సెలవులకి వచ్చినప్పుడల్లా సంచీడు ఇంగ్లీషు పుస్తకాలు మోసుకొస్తాడు. కిందటిసారి తెచ్చినవి పెర్సీ జాక్సన్ అనే కుర్రాడి కథలు. గ్రీకు దేవతలు న్యూయార్కుకి మకాం మార్చేశారట. వాళ్ల ఒలింపస్ ఎంపైర్ స్టేట్ బిల్డింగులో ఆరువందలో అంతస్తు మీద ఉందట. ఆ అంతస్తు అందరికీ ఉండదు, లిఫ్టులో ప్రత్యేకంగా ఒక తాళం పెడితేనే వస్తుందట. ఆ సాయంత్రం వాడి చెయ్యి పట్టుకుని బెంజ్ సర్కిల్లో ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటుతుంటే అడిగాడు: “అమ్మమ్మా, ఇక్కడ ఏ దేవుడు దాక్కుని ఉంటాడు?”

నాకు నవ్వొచ్చింది. బెజవాడలో దేవుడికి దాక్కోవాల్సిన ఖర్మేమిటి? బందరు రోడ్డు పట్టుకుని పడమటగా పోతే కొండమీద దుర్గమ్మ ఉంది. ఉచిత క్యూ ఒకటి, టికెట్ క్యూలు వేరే. ఆటోనగర్ నుంచి కొత్త లారీ బయటికొస్తే టైర్ల కింద నిమ్మకాయలు నలుగుతాయి, రోడ్డు మధ్యలో గుమ్మడికాయ పగులుతుంది, వెనక వచ్చే స్కూటర్లు ఆ ముక్కల మీద జారతాయి. భవానీ దీక్షలు విరమించే రోజుల్లో ఈ కూడలి అంతా ఎర్రబట్టలే. ఏ తాళమూ అక్కర్లేదు. అంతెందుకు, గాంధీనగర్లో సినిమా హాళ్లకే ఊర్వశి, మేనక, రంభ అని పేర్లు పెట్టుకున్న ఊరు మాది. అప్సరసలు ఎక్కడుంటారంటే మా చిన్నప్పుడు రిక్షావాడు తిన్నగా తీసుకెళ్లి దింపేవాడు.

దేవుడు లేడని నమ్మేవాళ్లకి కూడా ఇక్కడ అడ్రసుంది. గోరాగారి నాస్తిక కేంద్రం 1940లో ముదునూరులో మొదలై 1947లో పటమటకి వచ్చింది. ఇవాళ్టికీ బెంజ్ సర్కిల్ దగ్గరే ఉంది. నిప్పుల మీద నడవడానికి దేవుడి దయ అక్కర్లేదని వాళ్లు నడిచి చూపిస్తుంటే, చిన్నప్పుడు నాన్న భుజమ్మీద కూర్చుని చూశాను. బెంజ్ లారీల కంపెనీ ఉండబట్టి ఈ కూడలికి ఆ పేరొచ్చిందని పెద్దవాళ్లు అంటారు. కాదు, పైనుంచి చూస్తే బెంజి కారు గుర్తులా ఉండేదని కుర్రాళ్లు అంటారు. 2020లో ఒకటి, 2022లో ఇంకొకటి ఫ్లైఓవర్లు వచ్చాక పైనుంచి చూసినా గుర్తుపట్టేదేమీ మిగల్లేదు. దేవుడు ఉన్నాడనే కొండకీ లేడనే ఇంటికీ మధ్య ముప్ఫయ్యారేళ్లు సిటీ బస్సులో తిరిగాను. 1983 నుంచి 2019 దాకా నా ఉద్యోగం మోటారు బీమా క్లెయిములు. ఇంకా పచ్చిగా చెప్పాలంటే, ఈ జాతీయ రహదారి మీద పోయినవాళ్ల మిగిలిన ఆయుష్షుకి రూపాయల్లో లెక్క కట్టడం.

అందుకే ఇంగ్లీషువాళ్ల ‘అర్బన్ ఫాంటసీ’ నాకు పూర్తిగా ఎక్కదు. అందులో ఊరు మామూలుగా ఉంటుంది, మాయ దాని వెనకాల దాక్కుంటుంది. దాన్ని కనిపెట్టడమే కథ. మన దగ్గర దాక్కున్నదేమీ లేదు కాబట్టి, మనవాళ్లు వేరే దారి తొక్కారు. సినిమా పత్రికలు దానికి ‘సోషియో ఫాంటసీ’ అని పేరు పెట్టాయి. దేవతల్ని పట్నానికి తేవడం అందులో చిన్న పని. పట్నాన్ని, అంటే మన ఆఫీసుల్నీ ఫైళ్లనీ సమ్మెల్నీ, దేవలోకానికి ఎక్కించడమే అసలు పని. 1960లో దేవాంతకుడు, 1977లో యమగోల, 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల, 2007లో యమదొంగ. ఈ వరసలో యముడు ఉన్నాడా అని ఆశ్చర్యపోయిన పాత్ర ఒక్కటైనా ఉందేమో వెతకండి. చచ్చి పైకి వెళ్లినవాడు కళ్లు నులుముకుని, మరుక్షణంలో వాదనకి దిగుతాడు. యమగోలలో అయితే యమభటులతో యూనియనే పెట్టించాడు. పైన యముడుంటాడని మనకి ముందే తెలుసు. ఆశ్చర్యమల్లా అక్కడా తప్పులు జరుగుతాయనే.

యముడికి మొగుడులో మనిషిని పొరపాటున ముందే పైకి లాక్కెళ్లిపోతారు. వెనక్కి పంపుదామంటే కింద దేహం దహనమైపోయి ఉంటుంది. యమలీలలో భవిష్యత్తు రాసి ఉన్న పుస్తకమే జారి భూమ్మీద పడుతుంది. అది దొరికిన కుర్రాడు అందులో తల్లి చావు చదువుకుంటాడు. మా ఆఫీసువాళ్లం ఇరవైమందిమి కలిసి ఆ సినిమాకి వెళ్లాం. చిత్రగుప్తుడు బ్రహ్మానందం పుస్తకం పోగొట్టుకుని వెతుక్కుంటుంటే హాలు మొత్తమ్మీద గట్టిగా నవ్వింది మేమే. ఫైలు కనపడకపోవడమంటే ఏమిటో మాకు తెలుసు కదా. పక్కనే మా రికార్డ్ రూం గుమాస్తా మాత్రం నవ్వలేదు. ఆ వారంలోనే ఆయనకి మెమో వచ్చింది.

ఆ యముళ్లలో ముగ్గురు కైకాల సత్యనారాయణే. ఆయనది కృష్ణా జిల్లాలో కౌతారం. యముడు గుడివాడ దగ్గరివాడు కాబట్టి మనకి పలుకుబడి ఉంటుందని మా మామయ్య ఒకాయన అంటుండేవాడు. ఆ మామయ్య గుండెపోటుతో యాభై రెండేళ్లకి పోయాడు.

మా అమ్మకి ఈ సినిమాలు నచ్చేవి కావు. “ధర్మరాజుని పట్టుకుని ఆ వెటకారమేమిటే” అనేది. మరి అమ్మే కదా నాకు మాండవ్యుడి కథ చెప్పింది! ఉయ్యూరులో పురాణ కాలక్షేపాలు విని వచ్చి, వంటింట్లో చింతపండు పిసుకుతూ చెప్పేది.

మాండవ్యుడు మౌనవ్రతంలో ఉన్నాడు. దొంగలు సొత్తు తెచ్చి ఆయన ఆశ్రమంలో దాక్కున్నారు. రాజభటులు వచ్చి అడిగితే ఆయన పలకలేదు. దొంగలతోపాటు ఆయన్నీ కొర్రెక్కించారు. ఆయన చావలేదు. ఆ కొర్రు ఒంట్లో ఉండగానే యమధర్మరాజు దగ్గరికి వెళ్లి నిలదీశాడు: నేనేం తప్పు చేశానని ఈ శిక్ష? యముడు లెక్క చూసి చెప్పాడు: చిన్నప్పుడు తూనీగల్ని పుల్లకి గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలం ఇది. నన్నడిగితే మన సాహిత్యం మొత్తమ్మీద అంత భయంకరమైన జవాబు ఇంకోటి లేదు. లెక్క సరిగ్గానే ఉంది. అంకె ఎక్కడా తప్పలేదు. అయినా అన్యాయం. మాండవ్యుడు తలవంచలేదు. పసితనంలో తెలియక చేసినదానికి ఇంత దండనా అని మండిపడి, దాసి కడుపున పుట్టమని యముడికే శాపమిచ్చాడు. ఆ పుట్టినవాడే విదురుడు. అంతటితో ఊరుకున్నాడా? పద్నాలుగేళ్లు నిండేదాకా ఎవరేం చేసినా పాపం అంటదని కొత్త కట్టడి ఒకటి పెట్టిపోయాడు. యమలోకపు రూల్సుకి ఒక మనిషి చేసిన సవరణ అది. ఆదిపర్వంలో ఉంది. సినిమావాళ్లు కొత్తగా కల్పించిందేమీ కాదు.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. నచికేతుడు ఇంటికొస్తే యముడు ఇంట్లో లేడు. కుర్రాడు మూడు రాత్రులు అన్నం లేకుండా వాకిట్లో కూర్చున్నాడు. వచ్చాక యముడు తప్పు ఒప్పుకుని, రాత్రికొక వరం లెక్కన మూడు వరాలిచ్చాడు. కఠోపనిషత్తు అంతా ఆ నష్టపరిహారంలోంచే పుట్టింది. ఇక అజామిళుడు. భాగవతం ఆరో స్కంధంలో వస్తాడు. తెలుగులో ఆ స్కంధం పోతనగారిది కాదు, ఏర్చూరి సింగనది. పాపాలన్నీ చేసినవాడు చచ్చేముందు కొడుకుని ‘నారాయణా’ అని పిలిచాడు. పేరు కలిసింది. విష్ణుభటులు వచ్చి అడ్డుపడ్డారు. యమభటులు పోయి మొరపెట్టుకుంటే, యముడు వాళ్లకే బుద్ధి చెప్పాడు. కృష్ణా జిల్లాలో క్లెయిములు చూసినవాళ్లకి పేర్లు కలవడం కొత్త కాదు. మా బీరువాలో ఒక్క సంవత్సరానికి వెంకటేశ్వరరావులు ఎంతమందో! తండ్రి పేరుతో, ఊరి పేరుతో కూడా సరిపోయి, చివరికి పుట్టుమచ్చతో తేల్చిన సందర్భాలున్నాయి.

సినిమాలు దేవుణ్ణి వెటకారం చేస్తున్నాయన్న అమ్మ మాట అందుకే నాకు నిలవదనిపిస్తుంది. వెటకారం పైపూత. లోపల ఉన్నది పాత ప్రశ్నే. కర్మ లెక్క రాసేవాడు ఉన్నాడు సరే, ఆ లెక్కని ఆడిట్ చేసేవాడు ఎవడు? మనవాళ్లు తడుముకోకుండా చెప్పిన జవాబు, మనిషే అని. తప్పు పట్టించుకుని సర్దుకునే యముణ్ణి నేను నమ్మగలను. తప్పే చెయ్యని యముణ్ణి, ఈ రోడ్డు మీద పోయిన పిల్లల ఫైళ్లు చూశాక, నమ్మమంటే నావల్ల కాదు. 1994లో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన షెడ్యూలు ప్రకారం సంపాదన లేనివాళ్లకి ఊహించాల్సిన ఆదాయం ఏడాదికి 15,000 రూపాయలు. పిల్లలు అందులోకే వచ్చేవారు. తర్వాత కోర్టులు పెంచాయి, అది వేరే సంగతి. తొమ్మిదేళ్ల పిల్ల ఫైలు ముందేసుకుని ఆ అంకె వేసిన రోజు నేను మధ్యాహ్నం డబ్బా తెరవలేదు.

భయపెట్టే శాఖ కూడా ఒకటుంది మన దగ్గర. పటమటలో అద్దె పుస్తకాల షాపులో తులసిదళం కోసం పేరు రాయించుకుని వరసలో ఉండేవాళ్లం. యండమూరిగారి ఆ నవల చదివాక మా చెల్లెలు నెల్లాళ్లు పెరటిలోకి ఒంటరిగా వెళ్లలేదు. రంగనాయకమ్మగారు దాన్ని గంజాయి దమ్ము అన్నారు. నాస్తిక కేంద్రంవాళ్లు బాణామతి భయాల మీద ఊళ్లు తిరిగి ప్రచారం చేశారు. ఆ నవల్లో ఉన్నది శక్తి గురించి. ఎవడి దగ్గర ఉంది, ఎవడి మీద ప్రయోగిస్తాడు. న్యాయం దాని ఊసు కాదు. అందుకని దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

నీల్ గైమన్ అనే ఆయన 2001లో అమెరికన్ గాడ్స్ అని రాశాడు. వలసపోయినవాళ్లు వెంట తెచ్చుకున్న దేవుళ్లు, జనం మర్చిపోయేసరికి చిక్కిపోయి, చిల్లర పనులు చేసుకుంటూ బతుకుతుంటారు. మా అల్లుడు కథ చెబితే విని, పాపం అనుకున్నాను. మన దేవుళ్లకి మరుపు బాధ లేదు, రోడ్డు వెడల్పు బాధ ఉంది. 2016 పుష్కరాలకి ముందు బెజవాడలో రోడ్ల కోసం గుళ్లు తీసేశారు. 2021 జనవరి 8న వాటిలో తొమ్మిదింటిని మళ్లీ కట్టడానికి శంకుస్థాపన జరిగింది. ఆగమం తెలిసిన పూజారి ఒకాయన అప్పట్లో నాతో అన్నాడు: “కదపకూడదని కాదమ్మా. కళాకర్షణ చేసి బాలాలయంలో ఉంచి, పని అయ్యాక మళ్లీ తేవచ్చు. పద్ధతి ప్రకారం జరగాలంతే.” అంటే దేవుడికీ బదిలీ ఉంది, ఆర్డరు కాపీ మాత్రం సరిగ్గా ఉండాలన్నమాట. ఆ మాట నాకు ఎంత తేలిగ్గా అర్థమైందో చెప్పలేను.

మా కాగితాల్లో దేవుడి పేరు వచ్చేది ఒకే ఒక్క చోట, ‘యాక్ట్ ఆఫ్ గాడ్’ అని. ఎవరిదీ తప్పు కాదని చెప్పాల్సివస్తేనే ఆయన్ని పిలుస్తారు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2009 అక్టోబరు వరద రికార్డు కూడా పోయింది. కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకని తాకితే యుగాంతమని బ్రహ్మంగారి కాలజ్ఞానం పేరు మీద మా ఊళ్లో అందరికీ తెలిసిన మాట. ఆ రెండ్రోజులూ జనం సగం వేళాకోళంగా, సగం కాకుండా, కొండవైపు చూశారు. ఊరు మునిగింది మాత్రం కృష్ణమ్మతో కాదు, బుడమేరుకి పడ్డ గండ్లతో. సింగ్ నగర్‌లో నడుముల పైదాకా నీళ్లు. మా పిన్ని కొడుకు నీళ్లలో మునిగిన కారు తియ్యగానే తాళం తిప్పాడు. ఇంజనులోకి నీళ్లు పోయాయి. వరద నష్టానికి పాలసీ ఉంది గానీ, నీళ్లలో ఇంజను స్టార్టు చేసిన నష్టానికి ప్రత్యేకం కట్టి ఉండాలి. వాడు నాకు ఫోను చేసి, “ఇది దేవుడి పని కాదా అక్కా?” అన్నాడు. వరద దేవుడిదిరా, తాళం నీది అన్నాను. అయినా గండ్లు దేవుడివేనా అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయేది. అదృష్టవశాత్తూ అడగలేదు.

ఇప్పుడు నా తాళం సంగతి చెప్పాలి.

2011లో, ఫ్లైఓవర్లు ఇంకా లేని రోజుల్లో, ఈ కూడలిలో ఒక తాపీ మేస్త్రీ సైకిలు మీద పోతుంటే లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. కంకిపాడు అవతల ఊరు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టారు. మా తరఫు లెక్క నాది. 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఖాయం చేసిన పద్ధతే మేం వాడేవాళ్లం. నెలకి 4,500 చొప్పున ఏడాదికి 54,000. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 40,500. దాన్ని వయసుని బట్టి మల్టిప్లయర్‌తో గుణించాలి. ముప్ఫయ్యయిదుకి 16. నలభై అయిదుకి 14. పోస్టుమార్టం రిపోర్టులో వయసు ‘సుమారు 45’ అని ఉంది. నేను 14 వేశాను. 5,67,000. దాని మీదే బేరం సాగింది. వాళ్ల వకీలూ చూసుకోలేదు. ఆవిడ వేలిముద్ర వేసింది.

మరుసటి మార్చిలో పాత ఫైళ్లు కట్టలు కడుతుంటే, పంచనామా కాగితాల వెనకాల అంటుకుపోయిన జిరాక్సు ఒకటి ఊడి కింద పడింది. మేస్త్రీ ఓటరు కార్డు. దాని ప్రకారం పోయేనాటికి ముప్ఫయ్యయిదు. ఎండలో ఇటుకలు మోసిన ఒళ్లు డాక్టరుకి నలభై అయిదులా కనిపించింది. కార్డు ఫైల్లోనే ఉంది. నేను తిప్పలేదు. రావాల్సింది 6,48,000. తేడా 81,000.

పైఅధికారికి చూపించాను. “అవార్డు అయిపోయింది కదమ్మా, కట్టెయ్యండి” అన్నాడు. ఆయన మాట చట్టం ప్రకారం తప్పేమీ కాదు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. 1987 చట్టంలో అలాగే రాసి ఉంది. నేను కట్టేశాను.

అమ్మకి చెబితే ఓదార్చింది. “వాడికి అంతే రాసిపెట్టి ఉందే. నీ చేత్తో జరిగింది గానీ నువ్వు నిమిత్తమాత్రం.” నిమిత్తమాత్రం అనే మాటంత మెత్తటి దిండు మన భాషలో ఇంకోటి లేదు. నాలుగు రాత్రులు దాని మీద పడుకున్నాను. అయిదో రాత్రి అర్జునుడు గుర్తొచ్చాడు. దుర్గమ్మ ఉన్న ఈ ఇంద్రకీలాద్రి మీదే కదా ఆయన తపస్సు చేశాడంటారు. గీతలో ఆయనకి ఆ మాట చెప్పింది యుద్ధం చెయ్యడానికి. ఓటరు కార్డు చూడకుండా సంతకం పెట్టడానికి కాదు.

గోరాగారైతే ఇంకోలా అనేవారు. దేవుణ్ణి నమ్మినవాడు తన పనికి బాధ్యత ఇంకొకరి మీద పెట్టి బానిస అవుతాడని ఆయన వాదన. గాంధీగారితోనే వాదించిన మనిషి. పైన లెక్క రాసేవాడెవడూ లేడు, కాబట్టి లెక్క నీదే. ఆయన దారిలో నాకు ఏ దిండూ లేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ వాదన సరైనదనే అనిపిస్తుంది. కానీ ఒక్కటి తక్కువ పడుతుంది. పైన ఎవరూ లేకపోతే ఆ మేస్త్రీ ఎక్కడికెళ్లి నిలదియ్యాలి? మాండవ్యుడికి వెళ్లడానికి ఒక వాకిలి ఉంది. వెళ్లి, నీ లెక్క సరే, నీ న్యాయం తప్పు అనడానికి ఎదురుగా ఒక మొహం ఉంది. మా సినిమాల్లో హీరో మీసం మెలేసి యముడి కుర్చీ దగ్గరికి నడుస్తుంటే హాల్లో ఈలలు పడేది అందుకే అనుకుంటాను. ఈ కింద మనం కట్టుకున్న ఆఫీసుల్లో అంత దగ్గరగా కుర్చీ కనపడదు. యమలోకంలో అప్పీలుంది. లోక్ అదాలత్‌లో లేదు. మన ఊహ ఎక్కడెక్కడికి పోయిందీ, ఎందుకు పోయిందీ అని ఆలోచిస్తే నేను ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాను.

మరి నేనెందుకు వెళ్లలేదు? ఆ మేస్త్రీ యముణ్ణి అడగాల్సిన పని లేదు. తప్పు చేసిన గుమాస్తా పటమటలోనే ఉంటోంది, బస్సు ఛార్జీలు ఉన్నాయి. రిటైరైన ఏడాది ఒకసారి బెంజ్ సర్కిల్లో ఉయ్యూరు బస్సెక్కాను. సంచిలో చెక్కు పుస్తకం కూడా ఉంది. కంకిపాడులో దిగి, సెంటర్లో గోళీసోడా తాగి, ఆ ఊరికి ఆటోలు ఎక్కడ ఆగుతాయో కూడా కనుక్కున్నాను. ఆవిడకి ఏమని చెప్పాలి? మీ ఆయన వయసు పదేళ్లు ఎక్కువ వేశానమ్మా అనా? ఎనిమిదేళ్లకి మళ్లీ ఆయన పేరెత్తి, ఆ అంకె చెప్పి, ఆవిణ్ణి మళ్లీ ఒకసారి ఆ రోజుకి లాగడానికి నాకు హక్కుందా అని నన్ను నేనే అడిగాను. అది నిజమైన ప్రశ్నా, నా పిరికితనం వేసుకున్న వేషమా అన్నది అప్పుడూ తెలియలేదు. ఎదురు బస్సు వస్తే ఎక్కేశాను.

ఇంట్లో పాలూ పేపరూ లెక్క రాసుకునే పుస్తకం ఒకటుంది. ఆఫీసు అలవాటు కొద్దీ ఏటా ఏప్రిల్ ఒకటిన కొత్త పుస్తకం మొదలుపెడతాను, మొదటి పేజీలో పాత నిలువలు ఎక్కిస్తాను. మనవడు పెర్సీ జాక్సన్ అయిపోయి ఏమీ తోచక దాన్ని తిరగేశాడు.

“అమ్మమ్మా, 81,000 ఏంటిది? అన్ని పుస్తకాల్లోనూ మొదట్లో అదే ఉంది.”

“బాకీ.”

“మనకి రావాలా, మనం ఇవ్వాలా?”

“మనమే ఇవ్వాలి.”

“ఎవరికి?”

వాడు పెన్సిలు తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు, పేరు చెబితే రాసిపెడదామని.